దారి తెగిన కబురు: అరకు మన్యంలో సమాచార లంకెల చరిత్ర

సమాచార వ్యవస్థల చరిత్ర రాసేవారు సాధారణంగా వాటి ప్రారంభాలనే నమోదు చేస్తారు. తపాలా కచేరీ ఏ సంవత్సరంలో తెరిచారు, తంతి స్తంభాలు ఎప్పుడు నాటారు, మొదటి రైలు ఎప్పుడు నడిచింది, సెల్ టవరు ఎప్పుడు లేచింది అన్నవే ఆ పుస్తకాల్లో పెద్ద అక్షరాలకెక్కుతాయి. తూర్పు కనుమల్లో, ముఖ్యంగా అనంతగిరి ఘాటు మొదలుకొని అరకు లోయ మీదుగా పాడేరు, చింతపల్లి దాకా పరుచుకున్న మన్యంలో, వేసిన మార్గం ఎన్నాళ్లు తెగకుండా నిలిచింది, తెగిన సంగతి అవతలివారికి ఎంత ఆలస్యంగా తెలిసింది అన్న ప్రశ్నలకు ప్రారంభోత్సవాల తేదీల కంటే ఎక్కువ విలువ ఉంది. రెండు చోట్ల మధ్య కబురు నేరుగా నడిచే భాగాన్ని లంకె అంటే, అలాంటి లంకెల వరుసే మార్గం. అందులో ఒక్క లంకె తెగినా మార్గమంతా పనికిరాకుండా పోతుంది. తెగిన లంకె మాత్రం తనంతట తాను ఏమీ చెప్పదు, రావలసిన కబురు రాకపోవడమే దాని ఏకైక గుర్తు. అందువల్ల ఎంతసేపటి మౌనాన్ని తెగిపోవడంగా లెక్కించాలి, ఆ సంగతిని వెనక ఉన్నవారికి ఎవరు చేరవేయాలి అన్న రెండు సమస్యలను ప్రతి తరమూ తన పనిముట్లతో పరిష్కరించుకోవలసి వచ్చింది. తంతులు లేని కదిలే యంత్రాల వలయాల్లో తెగిన లంకెను గుర్తించే నేటి శాస్త్రం కూడా ఈ రెండు సమస్యల చుట్టూనే పెరిగింది.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండగా, దాని చుట్టూ ఉన్న కొండల శిఖరాలు కొన్ని 1,600 మీటర్లకు మించి లేస్తాయి. జూన్ నుంచి నైరుతి రుతుపవనాలు, ఆ తర్వాత బంగాళాఖాతపు వాయుగుండాలు ఈ కొండల మీద కురిసేటప్పుడు గెడ్డలు పొంగి, కాలిబాటలు కోసుకుపోయి, ఎదురెదురు గట్ల మీద ఉన్న గూడేలు ఒకదానికొకటి కనబడుతూనే రోజుల తరబడి ఎడబడిపోతాయి. దూరం కన్నా అడ్డంకే ఎక్కువ లెక్కకు వచ్చే నేల ఇది.

తొలికాలంలో ఈ నేల మీద కబురు మనిషి కాళ్ల మీదనే నడిచింది. గదబ, పోర్జా గ్రామాల్లో నాయకుడు, చలాన్ అనే పెద్దలతో పాటు బారిక్ అనే కబురుమనిషి ఉండేవాడు. పొరుగూళ్లకు పండుగ, పంచాయితీ, చావు కబుర్లు మోసుకుపోవడం, అధికారుల మాట ఊరికి వినిపించడం అతని విధి. 1839 నాటి 24వ చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను మామూలు న్యాయస్థానాల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటుగా వ్యవహరించే కలెక్టరుకు అప్పగించిన తర్వాత, ఏజెన్సీ అనే పేరు ఈ ప్రాంతానికి స్థిరపడింది. దానితో మైదానంలోని కచేరీలకూ కొండమీది ఠాణాలకూ మధ్య తపాలా నడిపే అవసరం పెరిగింది. తపాలా సంచిని ఒక మజిలీ నుంచి మరో మజిలీకి మోసే రన్నర్ల వ్యవస్థలో, సంచి చేతులు మారే వేళను చీటీలో రాసుకోవడం ముఖ్యమైన ఏర్పాటు. ఆ చీటీ వల్ల ఆలస్యం ఏ మజిలీలో జరిగిందో తెలిసేది. అయితే అది సంచి చేరిన తర్వాత తెలిసే సంగతి. సంచి అసలు చేరకపోతే, పై మజిలీలో ఎదురుచూసేవాడు గెడ్డ పొంగిందో, పులి అడ్డుపడిందో, రన్నరు జ్వరంతో పడిపోయాడో ఊహించుకోవలసిందే తప్ప, అతని దగ్గర వేరే సాక్ష్యమేమీ ఉండేది కాదు.

ఈ లోపం ఎంత పెద్దదో 1922 ఆగస్టులో బయటపడింది. అల్లూరి సీతారామరాజు దళం ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద వరుసగా దాడి చేసి తుపాకులు, మందుగుండు తీసుకుపోయింది. మూడు రోజుల్లో మూడు ఠాణాలు పడిపోవడాన్ని ఆ దళం సాహసానికి మాత్రమే నిదర్శనంగా చరిత్రకారులు చెబుతూ వచ్చారు గాని, సమాచార చరిత్ర దృష్టితో చూస్తే అందులో మరో సత్యం కూడా ఉంది. ఒక ఠాణా చేజారిన కబురు తర్వాతి ఠాణాను సిద్ధపరిచేంత వేగంగా నడవలేదు, కొండదారులు ఎరిగిన మనుషులు మాత్రం అంతకంటే వేగంగా నడిచారు. ప్రభుత్వం నమ్ముకున్న లంకెలు బాటల మీదా ఠాణాల మీదా ఆధారపడినవి. దళం నమ్ముకున్నవి గూడెం గూడెంలోనూ ఉన్న మనుషుల మీద ఆధారపడినవి కాబట్టి ఒకటి తెగితే మరొకటి అందుకునేది. మిరపకాయ టపా పేరుతో జనం నేటికీ చెప్పుకునే ముందస్తు హెచ్చరికల సంప్రదాయం ఆ లంకెల మీది నమ్మకం నుంచి పుట్టినదే. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజు మరణించేనాటికి మలబారు ప్రత్యేక పోలీసులూ అస్సాం రైఫిల్సూ ఈ అడవుల్లో పనిచేశాయన్నది, ఆ లంకెలను తెంచడానికి ప్రభుత్వం ఎంత బలగాన్ని దించవలసి వచ్చిందో తెలుపుతుంది.

తంతి వచ్చాక తెగిన లంకెను వెతికే పని మొదటిసారిగా లెక్కల్లోకి వచ్చింది. తంతి సిబ్బంది తీగ దోషాలను మూడు రకాలుగా చూసేవారు. తీగ పూర్తిగా తెగి విద్యుత్తు పారకపోవడం ఒకటి, తీగ నేలనో తడిచెట్టునో తాకి విద్యుత్తు భూమిలోకి దిగిపోవడం రెండోది, పక్క తీగతో కలిసిపోయి రెండింటి సందేశాలూ పెనవేసుకుపోవడం మూడోది. నేలకు దిగిన తీగ విషయంలో, కచేరీలో కూర్చున్నవాడే నిరోధాన్ని కొలిచి, మైలుకు ఇంత నిరోధం అన్న లెక్కతో భాగించి, దోషం ఎన్ని మైళ్ల అవతల ఉందో దాదాపుగా చెప్పగలిగేవాడు. పూర్తిగా తెగిన తీగలో విద్యుత్తే పారదు కాబట్టి ఆ కొలత పనికిరాదు, మధ్య కచేరీలను ఒక్కొక్కటిగా పలకరించి, ఏ కచేరీ దాకా జవాబు వస్తున్నదో తేల్చుకొని, ఆ తర్వాతి భాగానికి లైన్‌మన్‌ను పంపవలసిందే. 2013 జూలైలో దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది గాని, ఈ వృత్తి మౌనంలో రకాలున్నాయని, ఒక్కో రకానికి ఒక్కో వెతుకులాట కావాలని నేర్పింది.

ఈ కొండల్లో తెగిన లంకెను కనిపెట్టే కళ అత్యంత క్రమబద్ధంగా రూపుదిద్దుకున్నది కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం మీద. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవు ద్వారా జపానుకు ఎగుమతి చేసే లక్ష్యంతో, దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టులో భాగంగా నిర్మించిన ఈ మార్గం 1960ల రెండో సగంలో రాకపోకలకు తెరుచుకుంది. శృంగవరపుకోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస స్టేషన్ల మీదుగా కొండ అంచులు పట్టుకొని, సొరంగం వెంట సొరంగం దూరుతూ, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న షిమిలిగుడ స్టేషనుకు చేరి, అక్కడి నుంచి అరకు లోయలోకి దిగుతుంది. కొండచరియ విరిగి రాయి పట్టాల మీద పడినా, వరదకు కట్ట కోసుకుపోయినా, మలుపు తిరిగిన తర్వాత గాని డ్రైవరుకు కనబడని చోటు అది. అటువంటి దారిలో రైలు నడపాలంటే, ముందున్న దారి ఇంకా దారిగానే ఉందా అన్న ప్రశ్నకు నిరంతరం జవాబు కావాలి.

ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు రైళ్లు రాకుండా చూడడానికి రైల్వేలు పొరుగు స్టేషన్లను బ్లాకు పరికరాలతో కలిపాయి. రెండు స్టేషన్ మాస్టర్లూ గంటల సంకేతాలతో ఒప్పుకుంటేనే పరికరం నుంచి టోకెన్ బయటికి వచ్చేది, ఆ టోకెన్ చేతికి అందితే గాని డ్రైవరు కదిలేవాడు కాదు. పరికరం పనిచేస్తున్నదంటే అవతలివాడు మెలకువగా ఉన్నాడనీ, ఒప్పుకున్నాడనీ అర్థం. అంటే లంకె ఉన్నట్టు రుజువు అయిన తర్వాతే దాని మీద బరువు పంపుతారు, లంకె ఉందన్న నమ్మకంతో ముందే పంపరు.

దీనికంటే ఆలోచనాత్మకమైనది వర్షాకాలపు గస్తీ. వానాకాలంలో రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్లకు లాంతరు, జెండాలు, పట్టాల మీద పెట్టి పేల్చే డిటోనేటర్లు, గస్తీ పుస్తకం ఇచ్చి, నిర్ణీత సమయపట్టిక ప్రకారం నడిపిస్తారు. ఒక బీటు చివర ఒక గస్తీవాడు, తర్వాతి బీటు మొదట మరో గస్తీవాడు కలుసుకొని పుస్తకాలు మార్చుకుంటారు కాబట్టి, ఆ పుస్తకం స్టేషనుకు చేరడమే మధ్యనున్న దారి అంతటినీ ఎవరో ఒకరు కళ్లతో చూశారనడానికి సాక్ష్యం. గస్తీవాడు రావలసిన వేళ దాటి 15 నిమిషాలు గడిచినా కనబడకపోతే, స్టేషన్ మాస్టర్ ఆ సెక్షనులోకి వెళ్లే రైలును ఆపి, డ్రైవరుకు కాషన్ ఆర్డరు అనే జాగ్రత్త ఉత్తర్వు రాసి ఇచ్చి, పగలు చూపు ఆనుతున్నప్పుడు గంటకు 40 కిలోమీటర్లు, రాత్రి గాని మబ్బు కమ్మినప్పుడు గాని 15 కిలోమీటర్లు మించకుండా నడపమంటాడు. ఈ నిబంధనలోని వివేకం గమనించదగినది. గస్తీవాడు రాకపోవడానికి వాన ఒక్కటే కారణం కావచ్చు, దారి నిక్షేపంగా ఉండవచ్చు. అయినా రుజువు లేనిచోట దారి ఉందని అనుకోవద్దని, అలాగని పూర్తిగా లేదనీ తేల్చవద్దని, అనుమానానికి తగ్గ వేగంతో నడవమని నిబంధన చెబుతుంది. మౌనానికి గడువు నిర్ణయించడంలో ఇంతకంటే పక్వమైన పద్ధతి తర్వాత వచ్చిన కంప్యూటర్ల యుగంలో కూడా అరుదు.

గస్తీవాడు నిజంగానే తెగిన పట్టాను చూస్తే, అతని మొదటి విధి మరమ్మతు కాదు, రాబోయే రైలును ఆపడం. తెగిన చోటి నుంచి 600 మీటర్ల దూరాన ఒక డిటోనేటరు, 1,200 మీటర్ల దూరాన పదేసి మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు అమర్చి, ప్రమాద సంకేతం చూపాలి. దోషం ఉన్న చోటికంటే దోషం వైపు వస్తున్నవారి దగ్గరికి కబురు ముందు చేరాలన్న సూత్రం ఇక్కడ ఉంది. ఇక రెండు స్టేషన్ల మధ్య బ్లాకు పరికరాలు, టెలిఫోన్లు, వైర్‌లెస్ అన్నీ ఒక్కసారిగా మూగబోతే, సంపూర్ణ సమాచార విచ్ఛేద నిబంధనల ప్రకారం ఒంటరి ఇంజనునో ట్రాలీనో పొరుగు స్టేషనుకు పంపి, లంకెను తిరిగి తెరుస్తారు. దారి స్పష్టంగా కనబడితే గంటకు 15 కిలోమీటర్లు, కనబడకపోతే ముందు జెండా పట్టుకొని మనిషి నడుస్తుండగా 10 కిలోమీటర్లు మించకుండా ఆ ఇంజను వెళ్తుంది. కబురుకు వేరే దారి లేనప్పుడు దారినే కబురుగా వాడుకునే ఏర్పాటు ఇది.

కదిలే వైర్‌లెస్ యంత్రాలు ఈ కథలోకి మరో సమస్యను తెచ్చాయి. రైలు పట్టా ఉన్నచోటనే ఉంటుంది, తెగితే తెగిన చోటు ఒకటే. చేతిలో సెట్టు పట్టుకొని కొండ ఎక్కి దిగే మనుషుల మధ్య లంకె, వాళ్లు నడిచినప్పుడల్లా పుడుతూ చస్తూ ఉంటుంది. పోలీసులు, అటవీ సిబ్బంది వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నని చూపు దారిలోనే ప్రయాణిస్తాయి కాబట్టి, గట్టు దాటిన మరుక్షణం మాట ఆగిపోతుంది. ఎత్తైన చోట, అందిన మాటను తిరిగి ప్రసారం చేసే రిపీటరు పెడితే లోయలు కొన్ని కలుస్తాయి, ఆ రిపీటరు ఆగితే అన్నీ ఒక్కసారిగా విడిపోతాయి. అటువంటి నడిమి కేంద్రం అక్కరలేకుండా, ప్రతి సెట్టూ తన సందేశాన్ని పంపడమే గాక పొరుగువాడి సందేశాన్ని కూడా ముందుకు తోసే ఏర్పాటు ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన 1970ల తొలినాళ్లలో అమెరికా రక్షణ పరిశోధక సంస్థ చేపట్టిన ప్యాకెట్ రేడియో ప్రయోగాల్లో రూపం తీసుకుంది. దానికి కొంచెం ముందే, 1971లో, హవాయి దీవుల మధ్య అలోహా అనే రేడియో వలయం కంప్యూటర్లను కలిపింది. అప్పటికప్పుడు ఏర్పడి, ఎవరు ఎక్కడికి కదిలినా తన్ను తాను సర్దుకునే ఈ వలయాలకు మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కులని పేరు. వాటిలోని ప్రతి యంత్రాన్నీ నోడ్ అనీ, ముక్కలుగా పంపే సందేశాన్ని ప్యాకెట్ అనీ, ఏ నోడ్ మీదుగా పంపాలో నిర్ణయించే నియమావళిని రూటింగ్ ప్రోటోకాల్ అనీ అంటారు. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే సంస్థలో వీటికోసం 1997లో ప్రత్యేక బృందం ఏర్పడగా, ఏఓడీవీ అనే ప్రోటోకాల్ 2003 జూలైలోనూ, ఓఎల్‌ఎస్‌ఆర్ అనేది అదే ఏడాది అక్టోబరులోనూ ప్రచురితమయ్యాయి.

ఈ ప్రోటోకాళ్లలో తెగిన లంకెను గుర్తించే పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది రసీదు. వైఫై వంటి వ్యవస్థలో ఒక నోడ్ పొరుగువాడికి ప్యాకెట్ పంపినప్పుడల్లా అందినట్టు చిన్న రసీదు తిరిగి రావాలి, రాకపోతే సాధారణంగా 7 సార్ల దాకా మళ్లీ పంపి, అప్పటికీ రాకపోతే లంకె తెగిందని పై పొరలోని రూటింగ్ ప్రోటోకాల్‌కు తెలియజేస్తారు. ఇది వేగవంతమైనదే గాని, పంపవలసిన సందేశం ఉన్నప్పుడు మాత్రమే పనిచేస్తుంది. రెండోది హలో సందేశం. ఏఓడీవీలో, నడుస్తున్న మార్గంలో ఉన్న నోడ్ ఇతర ప్రసారాలేవీ చేయనప్పుడు సెకనుకొకసారి తాను ఉన్నానని చెప్పే చిన్న సందేశాన్ని పొరుగుకు వదులుతుంది. ఆ ప్రమాణంలోని సాధారణ విలువల ప్రకారం రెండు హలోల కాలం, అంటే రెండు సెకన్లు, ఏ చప్పుడూ లేకపోతే పొరుగువాడు పోయినట్టే లెక్క. మూడోది పొంచి వినడం. తాను ఇచ్చిన ప్యాకెట్‌ను పొరుగువాడు ముందుకు తోస్తున్నప్పుడు ఆ ప్రసారం వెనక్కి కూడా వినబడుతుంది కాబట్టి, అది వినబడితే అందినట్టు, వినబడకపోతే అనుమానించవలసినట్టు.

ఈ పద్ధతుల్లో ప్రతిదానికీ మూల్యం ఉంది. హలోలు తరచుగా పంపితే తెగిన సంగతి త్వరగా తెలుస్తుంది, కాని బ్యాటరీ ఖర్చవుతుంది, గాలిలో రద్దీ పెరిగి అసలు సందేశాలే ఢీకొంటాయి. అరుదుగా పంపితే, తెగిన దారిలోకి సందేశాలు పోసి పోగొట్టుకోవలసి వస్తుంది. గడువు మరీ చిన్నదైతే, ఢీకొని పోయిన రెండు హలోల వల్ల మంచి లంకె కూడా తెగినట్టు లెక్కకు వచ్చి, అనవసరంగా కొత్త దారుల వెతుకులాట మొదలై, ఆ వెతుకులాట సందేశాలే మరిన్ని లంకెలను మూగబోయేలా చేస్తాయి. ఓఎల్‌ఎస్‌ఆర్ ఈ తొందరపాటును అదుపు చేయడానికి, కావాలంటే వాడుకోదగిన ఒక కొలత ఇచ్చింది. లంకె నాణ్యతను సున్నాకూ ఒకటికీ మధ్య అంకెగా ఉంచి, హలో అందకపోతే దాన్ని సగం చేస్తారు, అందితే మిగిలిన లోటులో సగం కలుపుతారు. అది 0.3 కంటే దిగజారితే లంకెను పక్కన పెడతారు, 0.8 దాటితే గాని తిరిగి నమ్మరు. పూర్తి నాణ్యత ఉన్న లంకె ఒక హలో తప్పితే 0.5కు, రెండోది తప్పితే 0.25కు పడి వాడుక నుంచి తప్పుకుంటుంది, వరుసగా రెండు హలోలు అందితే 0.81కి లేచి మళ్లీ నమ్మకం పొందుతుంది. నమ్మకం పోవడానికి ఒక గీత, తిరిగి రావడానికి వేరే గీత ఉండడం వల్ల, పొగమంచులో ఊగిసలాడే లంకె క్షణక్షణానికీ మార్గాలను తారుమారు చేయదు.

తెగినట్టు తేలాక వెనక్కి చేరవేయడం రెండో అంకం. ఏఓడీవీలో ప్రతి నోడ్ తన మీదుగా ఎవరు ఎక్కడికి పంపుతున్నారో జాబితా ఉంచుకొని, ముందున్న లంకె తెగగానే మార్గదోష సందేశాన్ని వెనకవైపు పొరుగులందరికీ పంపుతుంది, వారు తమ వెనకవారికి పంపుతారు. తెగిన చోటు గమ్యానికి దగ్గరగా ఉంటే మాత్రం, మొదటివాడిదాకా వెళ్లకుండా అక్కడి నోడే ప్యాకెట్లను కాసేపు ఆపి, కొత్త దారి వెతికి అతికే స్థానిక మరమ్మతుకు కూడా ఆ ప్రమాణం అవకాశమిచ్చింది.

కొండల్లో ఈ శాస్త్రానికి మరింత కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. శిఖరం మీది బలమైన సెట్టు మాట లోయలోకి వినబడుతుంది గాని, లోయలోని చిన్న సెట్టు మాట శిఖరానికి చేరకపోవచ్చు. హలో అందుతున్నది కాబట్టి లంకె ఉందని లోయలోని నోడ్ నమ్ముతుంది, నిజానికి ఆ లంకె ఒంటిదారి. ఈ మోసాన్ని తప్పించడానికే ఓఎల్‌ఎస్‌ఆర్ హలోలో, తాను ఎవరి మాట వింటున్నదో ఆ పొరుగుల జాబితా కూడా చేర్చారు. ఆ జాబితాలో తన పేరు కనబడితేనే రెండువైపులా లంకె ఉన్నట్టు. తడిసిన ఆకుల దట్టమైన కప్పు తరంగాలను మింగేయడం వల్ల ఎండాకాలంలో నిలిచిన లంకె వానాకాలంలో నిలవకపోవచ్చు కాబట్టి, ఈ కొండలకు తగిన గడువు అన్నది ఏడాది పొడవునా ఒకటే ఉండే అంకె కాజాలదు.

సెల్‌ఫోన్ వలయం ఈ జాతికి చెందినది కాదు, అందులో ఫోన్లు ఒకదాని కబురు మరొకటి మోయవు, ప్రతిదీ టవరునే ఆశ్రయిస్తుంది. టవరు తన వంతుగా మైక్రోవేవ్ తరంగాల మీదనో, ఆప్టికల్ ఫైబరు మీదనో కేంద్రంతో మాట్లాడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయి, టవర్ల జనరేటర్లకు డీజిలు చేరక, లక్షల ఫోన్లు చేతుల్లో బాగానే ఉండి కూడా మూగబోయాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఫోన్లు సైతం పలకరించుకోలేకపోవడం, కేంద్రం మీద ఆధారపడిన వ్యవస్థకూ అడ్‌హాక్ వ్యవస్థకూ ఉన్న తేడాను నగరవాసులకు అనుభవంలోకి తెచ్చింది. మన్యవాసులకు ఆ అనుభవం తుపానుతో పనిలేకుండానే నిత్యమైనది. సిగ్నలు కోసం గట్టు ఎక్కడం, గర్భిణిని డోలీలో మోసుకొచ్చి అంబులెన్సుకు ఫోను కలిసే చోటు వెతుక్కోవడం అక్కడి జీవితంలో భాగమయ్యాయి.

ఈ లోటును పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో సహా 5 రాష్ట్రాల్లోని 44 ఆకాంక్షాత్మక జిల్లాల్లో 7,287 గ్రామాలకు 4జీ సేవ కల్పించే పథకాన్ని, 2022 జూలైలో దేశమంతటా 24,680 గ్రామాల కోసం రూ. 26,316 కోట్లతో బీఎస్‌ఎన్‌ఎల్ చేపట్టే మరో పథకాన్ని ఆమోదించింది. టవర్ల సంఖ్య పెరగడం నిజమైన మేలు, దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే టవరు ఆగినప్పుడు దూరాన ఉన్న పర్యవేక్షణ కేంద్రానికి తెలిసేది దాని జవాబు రావడం లేదన్న ఒక్క సంగతే. కరెంటు పోయిందా, బ్యాటరీ అయిపోయిందా, పక్క కొండ మీది మైక్రోవేవ్ డిష్ గాలికి పక్కకు తిరిగిందా, రోడ్డు పనిలో ఫైబరు తెగిందా అన్నది మనిషి ఎక్కి చూస్తే గాని తేలదు. టవరు పనిచేస్తూనే ఒక గూడేనికి మాత్రం తరంగం అందకుండా పోతే, ఆ కేంద్రపు తెర మీద ఏ దోషమూ కనబడదు. రైల్వే గస్తీ పుస్తకంలో ప్రతి బీటుకూ ఒక మనిషీ, రావలసిన వేళా, రాకపోతే తీసుకోవలసిన చర్యా రాసి ఉంటాయి. సెల్ వలయం పర్యవేక్షణలో టవరుకు అలాంటి గడువు ఉంది గాని, గూడేనికి లేదు. ప్రతి గూడెం నుంచీ రోజూ ఒక్క సందేశం రావాలని, రాకపోతే ఎవరో ఒకరు వెళ్లి చూడాలని నిర్ణయించడానికి కొత్త యంత్రమేదీ అక్కరలేదు, గ్రామ సచివాలయాల సిబ్బందీ ఆశా కార్యకర్తలూ ఇప్పటికే ఆ దారుల్లో నడుస్తున్నారు.